ఊపిరికి కోరం

టటిల్‌బరో పట్టణంలో ఇకమీదట సమస్యలు ఉండబోవని పట్టణ బోర్డు అధ్యక్షులు థాడియస్ కార్లిస్ గారు మార్చి నెల బురదలో నిలబడి ప్రకటించారు. బురద ఆయన ఎంచుకున్న వేదిక కాదు. ఆ నెలలో వెర్మాంట్ కొండల్లో నిలబడడానికి మరో పదార్థం దొరకదు.

"సమస్య వంతెనలో లేదు" అన్నారాయన, వెనక ఉన్న వంతెన వైపు తిరగకుండానే. "దాన్ని గురించిన మన ఆందోళనలో ఉంది. వంతెన ఒక్కటే. ఆందోళనలైతే ఇంటికొకటి. ఏది ముందు బాగుచేయాలో మీరే చెప్పండి."

అంకగణితం ప్రకారం ఈ వాదనను తప్పుపట్టడం కష్టం. జనం చప్పట్లు కొట్టబోయారు. కార్లిస్ గారు వారించి, చప్పట్లు నరాలను అదరగొడతాయని, వాటికి బదులు రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించాలని నేర్పారు. అందరూ వేళ్లు ఆడించారు. లూసిండా ఫైఫీల్డ్ మాత్రం ఆడించలేదు. ఆమె చేతులు రెండూ కోటు జేబుల్లో పిడికిళ్లుగా ఉన్నాయి.

అంతటి మహత్తర క్షణంలో లూసిండా పాల గురించి ఆలోచిస్తోంది. ఆమె పొలం వంతెనకు అవతల ఉంది. పోయిన వేసవి వరద వంతెన కింది దూలాన్ని కదిలించినప్పటి నుంచి దాని మీదికి బరువు బండ్లు రాకూడదని బోర్డు పెట్టారు. పాల కంపెనీ ట్యాంకర్ బరువు బండే. అందుచేత ఆమె రోజూ తన పికప్ ట్రక్కు వెనక చిన్న తొట్టి కట్టుకుని, పాలను విడతలు విడతలుగా ఇవతలి రోడ్డుకు చేరవేస్తోంది. వేసవి మొదలయ్యేలోగా ట్యాంకర్ తిన్నగా కొట్టం దాకా రాలేకపోతే ఆమె దగ్గర పాలు కొనడం మానేస్తామని కంపెనీ చెప్పేసింది. పాలు కొనేవాడు లేకపోతే ఆవుల్ని అమ్మేయాలి. ఈ సంగతి ఆవులకు తెలియదు గనుక అవి యథాప్రకారం పాలు ఇస్తూనే ఉన్నాయి.

వంతెన కోసం పక్కన పెట్టిన నిధి అదే వారం 'ప్రశాంత పట్టణ పథకా'నికి బదిలీ అయింది. కార్లిస్ గారు అరిజోనా ఎడారిలో ఒక వారాంతం కళ్లు మూసుకుని కూర్చుని వచ్చిన మనిషి. కళ్లు మూసుకున్న ఆ రెండు రోజులూ ఆయనకు టటిల్‌బరోలో ఒక్క సమస్యా కనిపించలేదు. ఆ అనుభవాన్ని ఊరందరికీ పంచాలన్న ఔదార్యంతోనే ఆయన ఈ పథకం పెట్టారు. రాష్ట్ర రాజధానిలో ఏటా 'ప్రశాంత పట్టణం' బహుమతి ఒకటి ఇస్తారన్నది కేవలం యాదృచ్ఛికం.

పథకానికి సమన్వయకర్తగా జూనిపర్ వాన్స్ అనే యువతి వచ్చింది. ఆమె మంచి మనిషి, నేర్పినదీ నిజమే. ఊపిరి పీల్చినదానికంటే నెమ్మదిగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది, దవడ వదులైతే తలనొప్పి తగ్గుతుంది. ఇందుకు శరీరంలోనే తగిన కారణాలున్నాయి, మహిమలతో పని లేదు. నెమ్మదించిన గుండె ఎంత బరువు ట్యాంకర్‌ను మోయగలదన్న విషయం మీదే ఇంకా తగినంత పరిశోధన జరగలేదు.

లూసిండా టౌన్ హాలుకు ఫోన్ చేసింది. ఇదివరకు ఆ ఫోన్ టౌన్ క్లర్క్ ఓపల్ డన్‌మోర్ ఎత్తేది. ఇప్పుడు ముందు జూనిపర్ ఎత్తుతుంది.

"వంతెన సంగతి అడుగుదామని—"

"తప్పకుండా చెబుదురు గానీ. ముందు మీ భుజాలు ఎక్కడున్నాయో చూసుకోండి."

"మెడకి కిందే ఉన్నాయి."

"ఇంకొంచెం దించండి. ఇప్పుడు నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చండి."

"పీల్చాను. ట్యాంకర్ కంపెనీ వాళ్లు—"

"అయ్యో, మాట్లాడారు! గాలంతా పోయింది. మళ్లీ మొదట్నించి."

మొదటి నుంచి చేసింది. మళ్లీ చేసింది. నాలుగోసారికి గుండె నిజంగానే కుదుటపడింది, మెడ దగ్గర ఏనాటిదో పట్టు విడిచింది. లూసిండా అబద్ధం చెప్పే మనిషి కాదు.

"బాగానే ఉందమ్మాయ్" అంది. "ఇప్పుడు చెప్పనా?"

"చెప్పండి. కానీ ఇప్పుడు మీకు ఫిర్యాదు చేయాలని ఉందా?"

"ఉంది."

"అయితే ఇంకా పూర్తిగా ప్రశాంతపడలేదన్నమాట. ఇంకొక్క విడత చేద్దాం."

ఆ విడత పూర్తయ్యేసరికి ఆఫీసు మూసే వేళయింది. నెల తిరిగేసరికి టటిల్‌బరోలో ఫిర్యాదుల సంఖ్య సున్నాకు దిగింది. థర్మామీటర్ పారేస్తే జ్వరం పోయినట్టేనని వైద్యశాస్త్రం ఇంకా ఒప్పుకోలేదు గానీ, పరిపాలనాశాస్త్రం ఈ విషయంలో చాలా ముందుంది. ఆ సున్నాను అందమైన పటంగా గీయించి టౌన్ హాలు గోడకు తగిలించారు.

రోడ్ల మేస్త్రీ రాయిస్ లూసిండాకు మరిది. పట్టణం గొయ్యికొక పలక చొప్పున పాతే పని అతనికి అప్పగించింది. ఒక ఉదయం లూసిండా పికప్ ఆపి చూస్తే అతను గోతి పక్కన పలక నాటుతున్నాడు. దాని మీద 'ఇక్కడ నిదానంగా ఊపిరి వదలండి' అని ఉంది.

"గొయ్యి పూడ్చడానికి ఎంతసేపు పడుతుంది రాయిస్?"

"పావుగంట వదినా."

"పలక పాతడానికి?"

"గంటన్నర. కింద రాయి తగిలింది." అతను చెమట తుడుచుకున్నాడు. "అయినా పని చేస్తోందిలే. నిన్న వెండెల్ కారు ఇందులో పడింది. ఇదివరకైతే బండబూతులు తిట్టేవాడు. నిన్న ఎంత పొడుగ్గా ఊపిరి వదిలాడనుకున్నావ్! ఇరుసు విరిగిందనుకో, అది వేరే సంగతి."

"మరి వంతెన?"

"దూలం తెచ్చిపెట్టి ఉంచా. బోర్డు ఊ అంటే పదిరోజుల పని. ఊ అనాలిగా, వాళ్లు హమ్మింగ్ మటుకే చేస్తున్నారు."

లూసిండా బోర్డు సమావేశానికి వెళ్లింది. ఊళ్లో ఎవరైనా సరే లేచి నిలబడి తమ గోడు చెప్పుకోవడానికి ప్రతి సమావేశంలోనూ కాస్త సమయం ఉంటుంది. అది ఆ ఊరు పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆచారం. ఆ సాయంత్రం ఎజెండాలో ఆ సమయం ఎదుట 'సామూహిక మౌనం' అని ఉంది.

ఆమె లేచి నిలబడగానే కార్లిస్ గారు పెదవుల మీద వేలుంచుకుని, ఎంతో ఆప్యాయంగా తల అడ్డంగా ఊపారు. మౌనం ముగిసింది. దానితోపాటే ఆ సమయమూ ముగిసింది. జనం వేళ్లు ఆడించారు.

"మీరిప్పుడు చెప్పకుండా ఆపుకున్న మాట ఎంత గొప్పదో నాకు వినిపించింది లూసిండా గారూ" అన్నారాయన వాకిట్లో.

"ఏమని వినిపించింది?"

"మాటల్లో పెడితే దాని గొప్పతనం పోతుంది."

ఇలా పట్టణం శిఖరం మీద శిఖరం ఎక్కుతుండగా పట్టణ న్యాయవాది దగ్గర నుంచి కబురొచ్చింది. ఆయన జాగ్రత్తపరుడు. బోర్డులో ఉన్నది ముగ్గురే: కార్లిస్ గారు, గొర్రెల ఉన్నితో ఎప్పుడూ ఏదో అల్లుకునే హెస్టర్ కోబర్న్, ఇరుసు విరిగిన వెండెల్ పీస్లీ. ముగ్గురిలో ఇద్దరు ఒకచోట చేరి పట్టణ వ్యవహారం నడిపితే అది కోరం ఉన్న సమావేశం కింద లెక్క. బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం దానికి ముందుగా నోటీసు వేయాలి, తలుపులు తెరిచి ఉంచాలి, మినిట్స్ రాయాలి, ప్రజలు మాట్లాడాలంటే మాట్లాడనివ్వాలి. ప్రశాంతతే ఈ పట్టణపు ప్రధాన వ్యవహారమని అధ్యక్షులవారు స్వయంగా ప్రకటించి ఉన్నారు. కాబట్టి ఆ ముగ్గురూ రోజూ ఒక గదిలో కూర్చుని ప్రశాంతపడడం పట్టణ వ్యవహారమే.

"అంటే?" అన్నారు కార్లిస్ గారు.

"అంటే ఇప్పటిదాకా మీరు పీల్చిన ఊపిరంతా చట్టవిరుద్ధం" అంది ఓపల్. "ఇకమీద తీర్మానం పెట్టి పీల్చాలి."

మరొకరైతే అక్కడితో ధ్యానం మానుకునేవారే. కానీ బహుమతి పరిశీలకురాలు రాజధాని నుంచి గురువారం వస్తోంది. కార్లిస్ గారు వెనక్కి తగ్గే మనిషి కాదు. ఓపల్ చేత ఎజెండా రాయించి టౌన్ హాలు తలుపుకు, పోస్టాఫీసుకు, కిరాణా కొట్టుకు అంటించారు. మొదటి అంశం: ఉచ్ఛ్వాస. రెండవది: కుంభకం, అంటే ఊపిరి బిగబట్టుట. మూడవది: నిశ్వాస. ఒక్కొక్క అంశం మీద చర్చ, ప్రజాభిప్రాయం, ఓటు.

కిరాణా కొట్టు దగ్గర ఆ కాగితం చదివిన లూసిండా మరోసారి చదివింది. తరువాత నలుగురైదుగురికి ఫోన్లు చేసింది.

గురువారం సాయంత్రం టౌన్ హాలు కిక్కిరిసింది. వంతెనకు అవతల ఉండే జనమంతా మొక్కజొన్న రొట్టెలతో, బీన్స్ గిన్నెలతో సహా వచ్చేశారు. ముందు వరుసలో పరిశీలకురాలు మిసెస్ ఆల్డన్ మోకాళ్ల మీద పుస్తకం పెట్టుకుని కూర్చుంది. జూనిపర్ గంట మోగించింది. ముగ్గురు సభ్యులూ చాపల మీద బాసింపట్టు వేసుకున్నారు. వెండెల్‌ను కూర్చోబెట్టడానికి ఇద్దరు సాయం పట్టవలసి వచ్చింది.

"ఉచ్ఛ్వాసకు తీర్మానం ప్రతిపాదిస్తున్నాను" అన్నారు కార్లిస్ గారు.

"బలపరుస్తున్నాను" అంది హెస్టర్, అల్లిక సూదులు పక్కన పెట్టి.

"చర్చ?"

"ముక్కుతోనా, నోటితోనా?" అన్నాడు వెండెల్.

"ముక్కుతో."

"నాకు జలుబు చేసింది."

"వెండెల్ గారికి నోటితో పీల్చుకునేందుకు మినహాయింపు ఇస్తూ సవరణ" అని ఓపల్ రాసుకుంది. సవరణ నెగ్గింది. తీర్మానమూ నెగ్గింది. ముగ్గురూ ఏకగ్రీవంగా ఊపిరి పీల్చారు. హాల్లో ఎవరికీ ఇంతటి ప్రజాస్వామ్యం చూసిన జ్ఞాపకం లేదు. పరిశీలకురాలి కళ్లు చెమర్చాయి.

"రెండో అంశం, కుంభకం" అంది ఓపల్. "సభ్యులు ఇప్పటికే బిగబట్టి ఉన్నారు గనుక అభ్యంతరం లేదనుకుంటాను. దీని మీద ప్రజలెవరైనా మాట్లాడతారా?"

లూసిండా లేచింది.

"నేను మాట్లాడతా. ఊపిరి బిగబట్టడం గురించే." ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది. జూనిపర్ నేర్పిన విద్య వృథా పోలేదు. "నేను పోయిన వేసవి నుంచీ బిగబట్టే ఉన్నా. పాల తొట్టి కట్టుకుని ఆ వంతెన మీదికి ఎక్కిన ప్రతిసారీ బిగబడతా. అవతల దిగాక వదుల్తా. మా ఆవుల పేర్లు తెలుసా మీకు? చెబుతా."

కార్లిస్ గారు చెయ్యెత్తి, విషయం దారి తప్పిందన్నట్టు గాలిలో గీతలు గీశారు.

"అధ్యక్షులవారు ఏదో రూలింగ్ ఇస్తున్నట్టున్నారు" అంది ఓపల్. "నోటితో చెబితే గాని రాయలేను థాడియస్."

నోరు తెరిస్తే గాలి పోతుంది. ముందు వరుసలో పరిశీలకురాలు కూర్చుని ఉంది. కార్లిస్ గారు చెయ్యి దించుకున్నారు.

లూసిండా ఆవుల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. క్లోవర్, డచెస్, పెద్ద మేబెల్, చిన్న మేబెల్. ఎవరికి మొదటి ఈత ఎప్పుడయిందో, ఎవరు ఎవరి కూతురో వివరంగా చెప్పింది. ఆమె సమయం అయ్యేసరికి ఆమె వెనక వరుస కట్టి ఉన్నారు. ఆపిల్ తోట అతను లేచాడు. పియానో టీచరు లేచింది. రాయిస్ కూడా లేచి, దూలాల్లో రకాలను గురించి ప్రసంగించాడు. ప్రతి ఒక్కరూ మొదటి వాక్యంలో ఊపిరి బిగబట్టుట అన్నారు, రెండో వాక్యంలో వంతెన అన్నారు.

వెండెల్ ముఖం ఎరుపు దాటి బీట్‌రూట్ రంగుకు వచ్చింది. అతను ఓపల్ వైపు రెండు చేతులూ జోడించాడు.

"వదలాలంటే మూడో అంశానికి పోవాలి వెండెల్. ఇంకా రెండో అంశం మీద నలుగురు మిగిలారు. చట్టం మరి."

"ఎంత నిగ్రహం!" అని పరిశీలకురాలు పక్కవారి చెవిలో అంది.

"వాళ్లని వదిలేయనివ్వండి, ప్లీజ్" అంది జూనిపర్. "ఇంతసేపు బిగబట్టమని నేనెప్పుడూ చెప్పలేదు. ఇది మంచిది కాదు!"

"మీరు ఈ ఊరి ఓటరు కాదమ్మా" అంది ఓపల్ విచారంగా.

మొదట పేలింది హెస్టర్. "నిశ్వాసకు తీర్మానం!" అని అరిచింది. ఆ ఒక్క మాటతో ఆమె ఊపిరి మొత్తం బయటికి వచ్చి ఓపల్ కాగితాలు ఎగిరాయి. "దానితో కలిపి ఆ వంతెన కూడా బాగుచేయాలి! రెండూ ఒకటే తీర్మానం! రాసుకో ఓపల్, త్వరగా రాసుకో!"

"బ— బ—" అన్నాడు వెండెల్.

"బలపరుస్తున్నట్టేనా?"

వెండెల్ చాప మీద వెల్లకిలా పడి తల ఊపాడు.

"అనుకూలురు చేతులెత్తండి."

కార్లిస్ గారు పరిశీలకురాలిని చూశారు. పరిశీలకురాలు ఆయన్ను ఆరాధనగా చూస్తోంది. ఆయన కళ్లు బైర్లు కమ్మాయి. ఆయన రెండు చేతులూ ఎత్తారు. తీర్మానం ఏకగ్రీవం. హాల్లో జనమంతా వేళ్లాడించడం మరిచిపోయి, కేకలు వేసి, బల్లలు బాది, ఒకరినొకరు వాటేసుకుని, బీన్స్ గిన్నెల మూతలు తీశారు. లూసిండా నవ్వుతూ ఏడ్చింది. అధ్యక్షులవారికి మంచినీళ్లు పట్టింది కూడా ఆమే.

రాయిస్ మాట నిలబెట్టుకున్నాడు. దూలం మార్చాడు, పైన చెక్కలు బిగించాడు, ఇసుక లారీని అటూ ఇటూ నడిపించి చూసుకుని, బరువు బండ్ల నిషేధం బోర్డు పీకేశాడు. పాల కంపెనీ ఒక తేదీ ఇచ్చింది. ఆ రోజు తొమ్మిది గంటలకు ట్యాంకర్ కొట్టం దగ్గర పాలు నింపుకుంటే కంపెనీ జాబితాలో లూసిండా పేరు ఉంటుంది. లేకపోతే ఆ బండిని శాశ్వతంగా వేరే దారికి మళ్లిస్తారు.

ఆ ఉదయం లూసిండా కొట్టం కడిగింది, గేటు బార్లా తీసింది, పైనున్న మలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఎండ కాస్తోంది. వంతెనకు ఆ వైపు రోడ్డు మీద వెండిలా మెరుస్తూ ట్యాంకర్ కనిపించింది. ఆమె చిన్నపిల్లలా చెయ్యి ఊపింది. అప్పుడు వంతెన వైపు చూసింది.

వంతెన ఈ చివర నుంచి ఆ చివర దాకా జనం బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు.

టటిల్‌బరోకు బహుమతి వచ్చిన సంగతి ఆమెకు తెలుసు. ఊపిరితో బాగుపడిన వంతెన అని రాజధాని పత్రికలో బొమ్మ వేసిన సంగతీ తెలుసు. రాష్ట్రంలో వంతెనలు కూలిన పట్టణాల బోర్డు సభ్యులంతా ఆ పద్ధతి నేర్చుకోవడానికి ఇవాళే బస్సులో వస్తారని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు. నడుమ మెత్తటి దిండు మీద కార్లిస్ గారు కూర్చున్నారు. వరుస చివర జూనిపర్ దీనంగా నిలబడి ఉంది.

లూసిండా పరుగెత్తుకుంటూ వచ్చింది.

"లేవండి! ట్యాంకర్ వచ్చింది! థాడియస్, లేవమని చెప్పండి వీళ్లని!"

కళ్లు తెరవకుండానే కార్లిస్ గారు వేలు పెదవుల మీద ఉంచుకున్నారు. అవతల డ్రైవర్ గస్ హారన్ మోగించాడు. లోయంతా మార్మోగింది.

"ఆ నాదాన్ని గమనించండి" అన్నారు కార్లిస్ గారు. "దానికి ఎదురు తిరగకండి. లోపలికి రానివ్వండి."

అందరూ హారన్‌తో శ్రుతి కలిపి హమ్ చేశారు.

గస్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "లూసిండా! నాకింకా ఆరు కొట్టాలున్నాయి తల్లీ! వీళ్లు లేస్తారా, లేవరా?"

"లేస్తారు! ఒక్క నిమిషం ఆగు!"

ఆమె ఒక్కొక్కరి భుజం పట్టి ఊపింది. ఊపినప్పుడు ఎలా వదులవ్వాలో వాళ్లకు అప్పటికే నేర్పి ఉన్నారు. వాళ్లు చక్కగా వదులయ్యారు. గస్ గడియారం చూసుకున్నాడు. తల అడ్డంగా ఊపి, రివర్స్ గేరు వేశాడు. ట్యాంకర్ వెనక్కి నడుస్తుంటే దాని హెచ్చరిక గంట మోగసాగింది. బీప్... బీప్... బీప్...

"ఈ లయ పట్టుకోండి" అన్నారు కార్లిస్ గారు. "ఒకదానికి పీల్చండి. ఒకదానికి వదలండి."

పీల్చారు, వదిలారు. బీప్ దూరమైంది. మలుపు తిరిగింది. పల్చబడి, పల్చబడి, చివరికి వినిపించకుండా పోయింది. దాని వెనకే వచ్చిన నిశ్శబ్దంలో పిట్ట కూడా కూయలేదు. దక్షిణపు జిల్లా నుంచి వచ్చిన ఒక బోర్డు అధ్యక్షురాలు కళ్లు తెరిచింది. ఆమె చెంపల మీదుగా కన్నీళ్లు కారుతున్నాయి. జీవితంలో ఇంతటి ప్రశాంతత తానెన్నడూ ఎరగనని అందరి ఎదుటా చెప్పింది. తరువాత పక్కన నిలబడి ఉన్న లూసిండా చెయ్యి పట్టుకుంది.

"మీరుండేది ఇక్కడేనా?" అని అడిగింది. "ఎంత అదృష్టవంతులమ్మా!"